రాత్రి రెండు గంటలకు నిద్రలేపే క్రిమి

నలభై దాటాక మా నాన్నగారికి ఒక అలవాటు వచ్చింది. రాత్రి రెండింటికో రెండున్నరకో లేచి, వంటింట్లో లైటు వేసి, డబ్బాలోంచి నాలుగు బిస్కెట్లు తీసి తినేవారు. తింటే నొప్పి సర్దుకునేది, మళ్ళీ పడుకునేవారు. మాది కొల్లేటి అంచున ఊరు. చూడవచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట: "ఆవకాయ మానెయ్యండి, ఆలోచనలు పెట్టుకోకండి." ఆవకాయ మానేశారు. కొరమీను పులుసులో కారం సగానికి తగ్గించారు. గ్యాస్ మాత్రలు వేసుకున్నన్నాళ్ళు బాగుండేది, ఆపితే మళ్ళీ రాత్రి రెండింటికి లైటు వెలిగేది.

చాలా ఏళ్ళకి ఏలూరులో ఒక డాక్టరుగారు గొట్టం వేసి చూశారు. జీర్ణాశయం దాటగానే, చిన్నపేగు మొదట్లో పుండు ఉంది. జీర్ణాశయం గోడ నుంచి నూకగింజంత ముక్క తీసి పసుపుపచ్చ జెల్ ఉన్న చిన్న గుంటలో పెట్టారు. మేము బయట కుర్చీల్లో కూర్చున్నాం. కాసేపటికి నర్సమ్మ ఆ ప్లాస్టిక్ బిళ్ళ తెచ్చి చూపించింది. పసుపు పోయి, ముక్క చుట్టూ గులాబీ రంగు కమ్ముకుంటోంది. "ఉందండీ" అన్నారు డాక్టరుగారు.

ఆ ఉన్నది హెలికోబాక్టర్ పైలోరీ. ప్రపంచంలో సుమారు సగం మంది కడుపుల్లో ఉంటుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో సగానికి మించే ఉంటుంది. అయినా అది ఉన్న పదిమందిలో ఒకరికో ఇద్దరికో మాత్రమే పుండు పడుతుంది. అమ్మకీ అదే క్రిమి ఉండే అవకాశం ఎక్కువ, ఒకే కంచంలో తిని పెరిగిన బాబాయికీ అంతే. మరి నాన్నగారికే ఎందుకు పుండయింది? దీని గురించి చదవడం మొదలుపెడితే విశేషాల మీద విశేషాలు బయటపడ్డాయి.

యాసిడ్‌లో కాపురం

జీర్ణాశయంలో ఊరే ఆమ్లం నిమ్మరసం కన్నా ఘాటు. అందులో ఏ సూక్ష్మజీవీ బతకదని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఈ క్రిమి పొడవు మిల్లీమీటరులో మూడొందలో వంతు. ఒంటికి మరమేకు మెలిక, ఒక కొసన నాలుగైదు తోకలు. ఆ తోకలతో ఈదుకుంటూ జిగురుపొర కిందికి దూరిపోతుంది. దారిలో యూరియేజ్ అనే ఎంజైముతో కడుపులోని యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది. అమ్మోనియా ఆమ్లాన్ని విరుస్తుంది. అంటే తన చుట్టూ తానే ఒక గొడుగు పట్టుకుంటుందన్నమాట. దాని ఒంట్లోని మొత్తం ప్రోటీన్‌లో 5 నుంచి 10 శాతం ఈ ఒక్క ఎంజైమే. మన పొలాల్లో చల్లే యూరియా, ఏలూరు ఆస్పత్రిలో ఆ జెల్‌లో కలిపి ఉంచే యూరియా, రెండూ ఒకటే. క్రిమి ఉంటే అమ్మోనియా పుడుతుంది, క్షారం పెరిగి రంగు గులాబీకి తిరుగుతుంది.

తనమీదే పరీక్ష చేసుకున్న డాక్టరు

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు జీర్ణాశయపు ముక్కల మీద మెలికల క్రిముల్ని చూశాడు. కుర్ర డాక్టరు బారీ మార్షల్ ఆయనతో కలిశాడు. క్రిమిని ల్యాబ్‌లో పెంచబోతే ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. రెండు రోజులకే పళ్ళేలు పారేయడం అప్పటి రివాజు. 1982 ఈస్టర్ సెలవుల్లో ఎవరూ తీయక ఆ పళ్ళేలు అయిదు రోజులు అలాగే ఉండిపోయాయి, అప్పుడు మొలిచింది. నిదానంగా పెరిగే రకమని అలా తెలిసింది.

పుండ్లకి మూలం ఈ క్రిమే అన్న మాట ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిమి కలిపిన రసం తానే తాగేశాడు. కొద్దిరోజుల్లో వికారం, వాంతులు, నోటి దుర్వాసన పట్టుకున్నాయి. గొట్టం వేసి చూస్తే కడుపు గోడంతా వాచి ఉంది. ఇక్కడ జ్ఞాపకం పెట్టుకోవలసిన సంగతి: ఆయనకు వాపు వచ్చింది గాని పుండు పడలేదు. క్రిమి దూరితే వాపు తప్పదు, పుండు మాత్రం అందరికీ రాదు. 2005లో వారెన్‌కీ మార్షల్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు.

వాళ్ళకన్నా ముందు గ్రీసులోని మిస్సొలాంగీ అనే ఊళ్ళో జాన్ లైకూడిస్ అనే డాక్టరు 1958 నుంచే అల్సర్ రోగులకు యాంటీబయాటిక్స్ ఇచ్చి నయం చేసేవాడు. 1968లో అక్కడి వైద్య సంఘం ఆయనకు 4,000 డ్రాక్మాల జరిమానా వేసింది. ఆయన 1980లో పోయాడు, పెర్త్‌లో పళ్ళేలు మొలకెత్తడానికి రెండేళ్ళు ముందు. ఈ కథలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఈ క్రిమిని క్యాన్సర్ కారకాల మొదటి వరసలో చేర్చింది. ఆ వరసకెక్కిన తొలి బాక్టీరియా ఇదే.

ఒకే జాతి, లక్షల వంగడాలు

గోదావరి రైతుకి వంగడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణా వరే, 1010 కూడా వరే. ఆకు చూస్తే ఒకటేలా ఉంటాయి, గాలివానకీ తెగులుకీ తట్టుకోవడంలో మాత్రం దేని దారి దానిదే. పైలోరీ కథ కూడా అంతే, కాకపోతే దీనిలో వంగడాలు లెక్కకందవు. సంబంధం లేని ఇద్దరి కడుపుల్లోంచి తీస్తే రెండూ ఒకేలా ఉండటం చాలా అరుదు. మనుషుల్లో కాపురముండే బాక్టీరియాల్లో ఇంత వైవిధ్యం ఉన్నవి కొన్నే. జన్యువుల నకలు రాసేటప్పుడు పడే తప్పుల్ని దిద్దే ఏర్పాటు దీనికి సరిగ్గా లేదు. దానికితోడు పక్కన చచ్చిన క్రిమి డి.ఎన్.ఎ. ముక్కల్ని తీసుకుని తన జన్యు పుస్తకంలో అతికించుకుంటుంది.

1997లో 26695 అనే నంబరు వంగడం జన్యుక్రమాన్ని అమెరికాలో పూర్తిగా చదివారు: 16,67,867 డి.ఎన్.ఎ. అక్షరాలు. మనిషికి ఉన్నవి 300 కోట్లు. అది కడుపువాపు ఉన్న ఇంగ్లండు రోగిది. 1999లో జె99 వంగడాన్ని చదివారు: 16,43,831 అక్షరాలు. ఇది డుయోడినల్ అల్సర్ (చిన్నపేగు మొదట్లో పుండు) ఉన్న అమెరికా రోగిది. ఒకే జాతి బాక్టీరియాలో ఒకదానికొకటి సంబంధం లేని రెండు వంగడాల పూర్తి క్రమాల్ని పక్కపక్కన పెట్టి చూడటం అదే మొదటిసారి. ఒక్కోదానిలో నూటికి ఆరేడు జన్యువులు రెండోదానిలో లేనే లేవు.

వంగడానికీ వంగడానికీ ఉండే తేడాల్లో అసలైనది "క్యాగ్ దీవి". సుమారు 40,000 అక్షరాల గుంపు, దానిలో ముప్పై దాకా జన్యువులు. దాని అక్షరాల పాళ్ళు మిగతా పుస్తకంతో కలవవు. అంటే ఎప్పుడో బయటి నుంచి వచ్చి చేరింది. ఆ జన్యువులన్నీ కలిసి ఒక సూది కడతాయి. ఆ సూదితో మన కడుపు కణాల్లోకి క్యాగ్‌ఎ అనే ప్రోటీన్‌ని గుచ్చుతుంది. లోపలికి పోయాక మన కణమే దానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది, దాంతో అది చురుకెక్కి కణం ఆకారాన్నీ అదుపునీ చెడగొడుతుంది. వాపు ముదిరేది ఇక్కడే. దీవి మొత్తం ఉన్న వంగడం వాపు బాగా తెస్తుంది, దీవి లేనిది చాలామందిలో మెత్తగా పడి ఉంటుంది.

ఇంకో ఆయుధం వ్యాక్‌ఎ. ఈ జన్యువు అన్ని వంగడాల్లోనూ ఉంటుంది, దాని రాతలోనే తేడా. ఎస్1, ఎం1 రాత ఉంటే విషం ఎక్కువ, ఎస్2 అయితే దాదాపు లేనట్టే. ఈ విషం తగిలిన కణాల్లో బుడగల్లాంటి గుంతలు పడతాయి. మూడోది బ్యాబ్‌ఎ, క్రిమి కణాన్ని పట్టుకునే కొక్కెం. అది పట్టుకునేది మన రక్తం గ్రూపుకు సంబంధించిన చక్కెర గొలుసుల్ని. ఓ గ్రూపు వాళ్ళకి డుయోడినల్ అల్సర్ కొంచెం ఎక్కువని 1950ల్లోనే గమనించారు. 2005లో డూప్‌ఎ అనే మరో జన్యువు బయటపడింది. అది ఉంటే పేగుపుండు ఎక్కువ, క్యాన్సర్ తక్కువ అన్నారు. కొన్ని దేశాల్లో ఆ లెక్క నిలబడింది, కొన్నిచోట్ల నిలబడలేదు.

ఇక్కడ మన దేశం దగ్గరికొచ్చేసరికి లెక్క తికమక అవుతుంది. 2000లో కలకత్తా వంగడాల్ని చదివినప్పుడు అవి యూరప్, తూర్పు ఆసియా వంగడాల కన్నా వేరుగా కనిపించాయి. విషపు రాత ఉన్న వంగడాలు పుండు ఉన్నవాళ్ళ దగ్గరే కాదు, ఏ బాధా లేనివాళ్ళ దగ్గరా దండిగా దొరికాయి. హైదరాబాద్‌లోని దక్కన్ వైద్య కళాశాల పరిశోధకులు 2005లో పుండు, క్యాన్సర్, ఉత్త అజీర్తి ఉన్న మూడు రకాల రోగుల కడుపు ముక్కల్ని పోల్చి, దీవి ఎంత చెక్కుచెదరకుండా ఉందో, కణజాలం ఎంత పాడయిందో కలిపి చూశారు. రెండింటికీ సంబంధం ఉంది. ఉన్నా, ఒక్క జన్యువు చూసి "ఈయనకి పుండు పడుతుంది" అని చెప్పగలిగే స్థితి మన దగ్గర లేదు. ఇంత క్రిమి ఉండి కూడా మన దేశంలో కడుపు క్యాన్సర్ జపాన్ కన్నా చాలా తక్కువ. దీన్ని "ఇండియా చిక్కుముడి" అంటారు.

మంచుమనిషి కడుపులో మనది, మన కడుపులో వాళ్ళది

నాకు అన్నిటికన్నా ఒళ్ళు పులకరించిన విశేషం ఇది.

1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దు కొండల్లో మంచులో ఒక శవం దొరికింది. 5,300 ఏళ్ళ కిందటి మనిషి, పేరు ఓట్జి అని పెట్టారు. 2016లో అతని కడుపు తెరిచి చదివితే పైలోరీ జన్యుక్రమం వచ్చింది. ఇంతవరకు మనిషి ఒంట్లో దొరికిన పైలోరీల్లో అతిపాతది అదే. క్యాగ్‌ఎ ఉన్న చెడ్డ వంగడమే. కడుపు వాచినట్టు ప్రోటీన్ల గుర్తులూ దొరికాయి. పైపొర మాత్రం మిగల్లేదు, అందుకే పుండు ఉందో లేదో చెప్పలేకపోయారు. వింత ఏమిటంటే, ఆ వంగడం ఇప్పటి యూరప్ వాళ్ళది కాదు, మధ్య ఆసియా, దక్షిణాసియాల్లో కనబడే రకం.

దానికి తొమ్మిదేళ్ళ ముందు, 2007లో, హైదరాబాద్ డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సి.డి.ఎఫ్.డి.లో నియాజ్ అహ్మద్ బృందం మన దేశపు వంగడాల్ని తీసుకుని ఏడు జన్యువుల్ని చదివింది. వాటిని ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన వందల వంగడాలతో పోల్చింది. వాళ్ళు చూసినవన్నీ యూరప్ కుటుంబానికి చెందినవే. ఆఫ్రికా రకం ఒక్కటీ లేదు, చైనా జపాన్ల రకం ఒక్కటీ లేదు. క్యాగ్ దీవి రాత కూడా యూరప్ పద్ధతిలోనే ఉంది. వ్యవసాయం నేర్చిన జనం పడమటి నుంచి వస్తూ కడుపులో తెచ్చుకున్నారా, లేక ముందున్న రకాల్ని ఇవి తరిమేశాయా అని వాళ్ళు చర్చించారు. అయిదువేల ఏళ్ళ కిందటి యూరప్ మనిషి కడుపులో మన వైపు రకం, వాళ్ళు చూసినంతవరకు ఇవాళ్టి మన కడుపుల్లో యూరప్ కుటుంబం! తూర్పు ఆసియా రకం క్యాగ్‌ఎ మన కణాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అది మన దగ్గర కనబడకపోవడం క్యాన్సర్ తక్కువగా ఉండటానికి ఒక కారణం కావచ్చని నాకనిపిస్తుంది. తిండి, మసాలా, మన ఒంటి గుణం, వీటికీ భాగం ఉండి తీరాలి.

ఈ క్రిమి తల్లి నుంచి బిడ్డకు, ఇంట్లో వాళ్ళ నుంచి పసివాళ్ళకు సంక్రమిస్తుంది. అందుకే వంశవృక్షంలా పనికొస్తుంది. 58,000 ఏళ్ళ కిందట మనుషులు తూర్పు ఆఫ్రికా వదిలినప్పుడు ఇదీ వెంట వచ్చిందని 2007లో లెక్క తేల్చారు. లడఖ్‌లో పక్కపక్కన బతికే బౌద్ధుల్నీ ముస్లిముల్నీ మనిషి జన్యువులు చూసి విడదీయలేకపోతే, వాళ్ళ కడుపులోని క్రిమిని చూసి 2004లో విడదీశారు. ఆఫ్రికా సింహాల, చీతాల కడుపుల్లో ఉండే దీని చుట్టం కూడా ఒకనాడు మనిషి దగ్గర నుంచి పాకిందే. ఏ సింహం ఏ మనిషిని తింటే పాకిందో!

తర్వాత నియాజ్ అహ్మద్ బృందమే హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి ఇంకో పని చేసింది. ఫ్రాన్స్‌లో ఉంటున్న ఆఫ్రికా రోగి ఒకరు. డుయోడినంలో పుండు. ఆయన కడుపులోంచి పదేళ్ళ తేడాతో తీసిన క్రిమి క్రమాలను 2010, 2011ల్లో ప్రకటించారు. మొదటిది 908, తర్వాతివి 2017, 2018 (ఇవి సంవత్సరాలు కావు, వంగడాల నంబర్లు). ఒకే మనిషి కడుపులో పదేళ్ళపాటు క్రిమి తన రాతను ఎలా మార్చుకుంటూ పోయిందో చదవడానికి మన హైదరాబాద్ నుంచి దారి పడింది.

వరి అన్నం, కూనూరు ఎలుకలు

దక్షిణాది వాళ్ళకి, తూర్పు వాళ్ళకి పేగుపుండు ఎక్కువ, గోధుమ తినే ఉత్తరాదికి తక్కువ. ఇది బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి తెలిసిందే. నీలగిరుల్లోని కూనూరులో మెక్కారిసన్ అనే వైద్య పరిశోధకుడు ఎలుకలకి మన దేశంలోని రకరకాల ప్రాంతాల తిండి పెట్టి చూశాడు. తిరువాన్కూరు కర్రపెండలం తిండితో పుళ్ళు ఎక్కువ పడ్డాయి, మద్రాసు పేదల తిండితో తక్కువ, పంజాబు తిండితో పడలేదు. తర్వాత మైసూరులో పనిచేసిన సర్జన్ ఫ్రాంక్ టోవే 1979లో దేశం మొత్తం లెక్క వేసి, బియ్యం తినే ప్రాంతాల్లోనే పుండ్లు ఎక్కువని చూపించాడు. క్రిమి దేశమంతా ఉంది. అందుకే తిండి మాట కొట్టిపారేయడానికి లేదు. అయితే కారం పుండు పుట్టించదు, పుండు మీద పడితే మండుతుంది, అంతే. మా నాన్నగారు ఆవకాయ మానేసిన ఏళ్ళన్నీ నాకు గుర్తొస్తాయి.

క్రిమి లేకుండా పుండు తెచ్చేవి ఒళ్ళునొప్పుల మాత్రలు. నాట్లకి వంగినవాళ్ళూ, చేపల చెరువుల మీద వలలు లాగినవాళ్ళూ నొప్పి మాత్రలు మింగి పనికి వెళ్ళడం మా వైపు రోజూ చూసేదే. ఆ మాత్రలు కడుపు పొరను కాచే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. పైలోరీ కూడా ఉంటే ప్రమాదం రెట్టింపుకు మించి పెరుగుతుంది.

నీళ్ళ సంగతి 2007లో హైదరాబాద్ పరిశోధకులు చూశారు. ఇంటి శుభ్రతకీ, నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకుంటారన్నదానికీ పైలోరీతో సంబంధం ఉందా అని. బావి నీళ్ళు తాగేవాళ్ళలో కుళాయి నీళ్ళవాళ్ళ కన్నా ఎక్కువ కనిపించింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే నీటితో నిండే కొల్లేరు చుట్టూ, ఎన్నో లంక ఊళ్ళలో మంచినీళ్ళ చెరువే ఆధారం. బిందెలో పటిక తిప్పితే మట్టి దిగుతుంది, మట్టి దిగినంత మాత్రాన క్రిమి పోయినట్టు కాదు. మరిగిస్తే పోతుంది. పసివాళ్ళకి అన్నం నమిలి పెట్టడం, ఎంగిలి చెంచా పెట్టడం కూడా దారులే. క్రిమి సాధారణంగా కడుపులో చేరేది చిన్నతనంలోనే.

భీమవరం నుంచి వచ్చిన మందు

నాన్నగారికి రెండు వారాలు నాలుగు రకాల మందులు రాశారు: ఆమ్లం తగ్గించేది, బిస్మత్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్. నాలుగోరోజు పొద్దున్నే కంగారుగా పిలిచి, విరేచనం నల్లగా అయిందన్నారు. రక్తమేమో అని నేను ఏలూరుకి ఫోను చేశాను. బిస్మత్ వల్ల అలా అవుతుందని, అది వేసుకోనివాళ్ళకి తారులా నల్లగా జిగటగా అయితే మాత్రం వెంటనే రావాలని చెప్పారు.

ఇన్ని మందులు ఒకేసారి ఎందుకంటే, అదీ జన్యువుల మాటే. క్లారిత్రోమైసిన్ అనే మందును తట్టుకోవడానికి ఈ క్రిమికి ఒకే ఒక్క అక్షరం మారితే చాలు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులకు లొంగని ప్రమాదకర బాక్టీరియాల జాబితాలో ఈ మారిన వంగడాన్ని కూడా చేర్చింది. మెట్రోనిడజోల్‌కు లొంగని వంగడాలు మన దేశంలో ఎక్కువ. టెట్రాసైక్లిన్‌కు మాత్రం ఎదురుతిరగడం కష్టం, ఒక్క అక్షరం సరిపోదు, ఒకేచోట మూడు మారాలి.

ఆ టెట్రాసైక్లిన్ కుటుంబం మూలపురుషుల్లో ఒకరు మన పక్క ఊరివారే. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతోనే పోయారు. ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉండగా, ఆయన నడిపించిన పనిలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మిస్సోరీ పొలం మట్టిలోంచి బంగారు రంగు బూజును పట్టుకున్నాడు. దాన్నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, ఆ వర్గంలో మొదటిది. 1948లో లోకానికి తెలిసింది, ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. తర్వాత లాయిడ్ కోనోవర్ అనే రసాయన శాస్త్రవేత్త ఆరియోమైసిన్‌లో ఒక్క క్లోరిన్ తీసేస్తే టెట్రాసైక్లిన్ అయింది. బోదకాలుకి ఇంటింటికీ వచ్చి మింగిస్తారే ఆ డి.ఇ.సి. మాత్ర కూడా సుబ్బారావు బృందం చలవే. భీమవరంలో పుట్టిన మనిషి పరిశోధన ప్రపంచమంతా తిరిగి, మందుబిళ్ళల పట్టీలో కూర్చుని మా ఇంటికి వచ్చింది. నాన్నగారికి ఆయన పేరు చెబితే, "మన సుబ్బారావుగారా!" అన్నారు.

మందులు అయిపోయాక నెల ఆగి, ఆమ్లం తగ్గించే మాత్ర రెండు వారాలు ఆపి ఊపిరి పరీక్ష చేయించాం. ముందు ఒక సంచిలోకి ఊదించి, గుర్తుపట్టగలిగే కార్బన్ ఉన్న యూరియా నీళ్ళు తాగించి, కాసేపటికి ఇంకో సంచిలోకి ఊదమన్నారు. క్రిమి ఉంటే ఆ కార్బనే ఊపిరిలో బయటపడాలి. రెండు సంచులూ పోల్చి చూశారు, తేడా లేదు.